గునుగు వాళ్ల పాట

ఉమారాణికి నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. చెప్పాల్సింది మనసులో చక్కగా సిద్ధమై ఉంటుంది, గొంతు దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. 'ప', 'క' అక్షరాలతో మొదలయ్యే మాటలైతే మరీ కష్టం. అందుకని ఆమె ఎప్పుడూ వాటికి దొంగదారులు వెతుక్కుంటుంది. పెరుగు కొనడానికి పోయి, ఆ మాట నోట రాక మజ్జిగ ప్యాకెట్టు తెచ్చుకున్న రోజులున్నాయి. షేర్ ఆటోలో ఆపమని చెప్పేలోగా దిగాల్సిన చోటు దాటిపోయి, హబ్సిగూడ నుంచి ఎండలో వెనక్కి నడిచిన రోజులూ ఉన్నాయి.

ఉప్పల్ పాత ఊళ్లో వాళ్లింటి ముందుగదిలో ఆమె కుట్టు మిషను ఉంటుంది. జాకెట్లు కుట్టడంలో ఆ గల్లీలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ పనిలో మాట్లాడే అవసరం తక్కువ. టేపుతో కొలతలు తీస్తుంది, మెడ డిజైన్లు ఫోన్లో చూపిస్తుంది, ఎప్పుడిస్తావని అడిగితే వేళ్లు చూపిస్తుంది. "మంచిదమ్మా ఉమ, ఒక్క మాట ఎక్కువ మాట్లాడది" అని మెచ్చుకునే ఆడవాళ్లే గానీ, ఎందుకు మాట్లాడదని ఆలోచించినవాళ్లు లేరు.

ఆ గదిలో పొద్దంతా మోగేది గునుగు వాళ్ల పాట. గునుగు అంటే నలుగురి బృందం. స్వర్ణలత పాడుతుంది, తేజేష్ డప్పు కొడతాడు, మిగతా ఇద్దరిలో ఒకరిది పిల్లనగ్రోవి, ఒకరిది తాళాలు. ఊళ్లు తిరిగి ముసలివాళ్ల దగ్గర పాత పాటలు నేర్చుకొని, పాడి, యూట్యూబ్‌లో పెడతారు. లక్షలమంది చూసే బృందం కాదు. ఉమారాణి మాత్రం వాళ్ల పాట ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు.

అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం చెలిమె పాట. ఎండాకాలంలో వాగు ఎండిపోతే ఇసుకలో చేత్తో తవ్వుకునే చిన్న నీటిగుంటే చెలిమె. ఒక ముంత ముంచుకున్నాక మళ్లీ నీళ్లు ఊరేదాకా పక్కన కూర్చోవాలి. ఆ పాట నడకా అంతే. ఒక వరస పాడి స్వర్ణలత ఆగిపోతుంది. డప్పూ ఆగిపోతుంది. పిల్లనగ్రోవీ ఆగిపోతుంది. నీళ్లు ఊరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఎవరూ చప్పుడు చెయ్యరు. ఆ తర్వాతే రెండో వరస. మొదటిసారి విన్నప్పుడు ఉమారాణి నెట్ పోయిందేమోనని ఫోను తట్టింది. ఆ ఆగడం పాటలో భాగమేనని తెలిశాక, మిషను మీద చేతులు పెట్టుకొని అలాగే కూర్చుండిపోయింది. ఆగడం తప్పు కాని చోటు కూడా ఒకటుందని ఆమెకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది.

ఆ గునుగు వాళ్లు నాచారం వస్తున్నారన్న కబురు తెచ్చింది ఆమె భర్త ధర్మేందరే. అతను మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

"శనివారం పొద్దుమీకి. మెయిన్ రోడ్డు మీదనే, షెడ్డుల. రెండు టికెట్లు వట్టిన" అన్నాడు చెప్పులు విప్పుతూ.

ఆమె ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు, సంతోషంతో. కానీ శుక్రవారం వచ్చేసరికి అతనికి మర్నాటికి సెకండ్ షిఫ్ట్ వేశారు.

"ఒక్కదాన్ని నే... నేను పోను" అంది ఉమారాణి. భర్త దగ్గరా మాట ఆగుతుంది, కాకపోతే భయం ఉండదు.

"టీచరమ్మను తీస్కపోరాదు. ఆమెకు గూడ జర గాలి మారినట్టుంటది."

టీచరమ్మ అంటే పక్కింటి త్రిపురసుందరి. రాజమండ్రి వైపు మనిషి. ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడింది, బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. మనసు వెన్న. ఒక్కటే ఇబ్బంది. ఉమారాణి మాట మొదలుపెడితే ఆవిడ పూర్తి చేస్తుంది. ఆ పిల్ల అవస్థ చూడలేక చేస్తుంది, ఎగతాళికి కాదు. అందులో సగం సార్లు ఉమారాణి అనబోయింది అది కాదు. కాదని చెప్పాలంటే మళ్లీ మాట్లాడాలి గనుక ఆమె తల ఊపి ఊరుకుంటుంది. అలా ఊరుకోబట్టి కిందటేడు ఆవిడ పంపిన, తనకు పడని కాకరకాయ పులుసు మూడు వారాలు తిన్నది.

శనివారం ఇద్దరూ బయల్దేరారు. హబ్సిగూడ చౌరస్తాలో ఆటో మలుపు తిరిగేసరికి మబ్బు కమ్ముకుంది. నాచారంలో దిగేసరికి వాన మొదలైంది. షెడ్డు గుమ్మంలోకి వాళ్లు పరుగెత్తేసరికి అది వాన కాదు, ఎవరో పైనుంచి డ్రమ్ములు గుమ్మరిస్తున్నట్టుంది.

షెడ్డు ఒకప్పుడు దారం కండెలు చుట్టే ఫ్యాక్టరీ. అది మూతపడ్డాక, నాటకాల పిచ్చి ఉన్న గిరిప్రసాద్ అనే పెద్దాయన దాన్ని తీసుకొని, ఒక చివర చెక్కలతో వేదిక కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. పైన రేకులే. నిండితే ఎనభై మంది పడతారు. ఆ సాయంత్రం లోపల ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక కుర్ర జంట, గొడుగు మడిచి ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దాయన, హాస్టల్ పిల్లలు నలుగురు, తామిద్దరు. మిగతావాళ్లు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నీళ్లు నిలిచి ఎక్కడివాళ్లక్కడ ఇరుక్కున్నారు. గిరిప్రసాద్ ఫోను మోగుతూనే ఉంది, ఆయన "పర్లేదండీ, పర్లేదు" అంటూనే ఉన్నాడు.

ఉమారాణి ముందు వరసలో కూర్చుంది. వేదిక పక్కన టీ కాచే గ్యాస్ పొయ్యి ఉంది. దాని సెగకు తేజేష్ డప్పు కాపుకుంటున్నాడు. చెమ్మకు తోలు వదులైతే డప్పు మూగబోతుంది. అతను తిప్పి తిప్పి కాపి, వేలితో కొట్టి, చెవి పెట్టి విని, మళ్లీ కాపుతున్నాడు. ఫోన్లో ఇన్నేళ్లు విన్న ఆ డప్పు తను చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

స్వర్ణలత వేదిక మెట్టు మీద కూర్చుని ఉంది. వీడియోల్లో కనిపించేదానికన్నా పొట్టి మనిషి, అలిసిన ముఖం. గిరిప్రసాద్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇంకో అరగంట చూద్దామమ్మా" అన్నాడు.

"ఎంతసేపు జూసినా గింతే సార్. పోయినసారి వరంగల్ల గూడ గిట్లనే అయింది." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఉమారాణికి బాధనిపించింది. "తేజేష్‌కు నౌకరి దొరికింది. ఇగ తిరుగుడు బంద్ వెడదామనుకుంటున్నం. ఇదే ఆఖరుదేమో."

వాళ్లు నెమ్మదిగానే మాట్లాడుకున్నారు. కానీ ఖాళీ కుర్చీల మధ్య ప్రతి మాటా వినిపించింది.

ఉమారాణి లేచింది. ఎందుకు లేచిందో ఆలోచించుకునే లోపే స్వర్ణలత ఎదుట నిలబడి ఉంది. ఆమె తలెత్తి చూసింది.

"మీ... మీరు ప... ప..."

"మీ పాటలంటే ప్రాణమండీ మా ఉమకి" అంది వెనకే వచ్చిన త్రిపురసుందరి. "పొద్దున్న లేచింది మొదలు అవే. మా గోడకి కూడా కంఠతా వచ్చేశాయి."

స్వర్ణలత నవ్వి రెండు చేతులూ జోడించింది. "సంతోషం అక్కా" అని, తేజేష్ పిలిస్తే లేచి వెళ్లిపోయింది.

ఉమారాణి అనబోయింది అది కాదు. పాడుడు ఆపకున్రి అనబోయింది. టీచరమ్మ అన్నదీ నిజమే, కానీ దాంతో పని కాలేదు. నాలుగేళ్లు ఎదురుచూసిన మనిషి ఎదురుగా నిలబడితే, తన మాట తన నోట్లోనే ఉండిపోయింది. ఆమెకు టీచరమ్మ మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది.

వెళ్లి గుమ్మంలో నిలబడింది. రోడ్డు వాగులా పారుతోంది. అవతల ధర్మకాంటా ఉంది, లారీలను సరుకుతో సహా తూచే చోటు. దాని పెద్ద రేకుల పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. డ్యూటీ దిగిన ఫ్యాక్టరీ వాళ్లు, టిఫిన్ డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లు, బండ్లు స్టాండు వేసి తడిసిన తలలు తుడుచుకుంటున్న మగవాళ్లు. అందరూ వాన వైపే చూస్తున్నారు, చెయ్యడానికి వేరే పని లేక.

ఉమారాణి వాళ్లను చూసింది. వెనక్కి తిరిగి కుర్చీలను చూసింది. టీచరమ్మ చేతిలోని గొడుగు తను తీసుకుంది.

"ఎక్కడికే ఈ వానలో? మంచినీళ్లా? బాత్రూమ్ లోపలే ఉందటగా" అంటోంది త్రిపురసుందరి.

ఉమారాణి తల అడ్డంగా ఊపి, చీర కొంగు దోపుకొని రోడ్డు దాటింది.

పందిరి కిందికి వచ్చి గొడుగు దించేసరికి అందరూ ఆమె వైపే చూశారు. ఇంతమంది ముందు నోరు తెరవడం బడి తర్వాత ఇదే. అప్పుడు పద్యం అప్పజెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే గంట కొట్టేశారు.

"లో... లో..." అంది.

"ఏం గావాలె అక్కా, ఆటోనా?" అన్నాడు బండి మీద కూర్చున్న ఒకాయన.

ఆమె తల ఊపింది, కాదని.

"ఎవరికన్న పానం బాగలేదా? దవాఖానకా?" అంది ఒకామె.

"బండి ఆగిపోయినట్టుంది, నూకాలెనేమో."

"మూగామె కావచ్చు పాపం."

తలా ఒక మాట అందిస్తున్నారు. ఎవరి మాటా చెడ్డది కాదు. కానీ ఒక్కొక్క మాట వచ్చి పడుతుంటే ఉమారాణి మాట ఇంకా లోపలికి పోతోంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కాళ్లు వెనక్కి తిరగబోయాయి.

కాంటా దగ్గర హమాలీ పని చేసే ముసలాయన గోనె సంచి మీద కూర్చుని ఉన్నాడు. పేరు గండయ్య. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"జర ఆగున్రి అందరు. ఆమెను జెప్పనియ్యున్రి" అన్నాడు. "వాన ఎట్లాగు తగ్గేటట్టు లేదు. మనం మాత్రం ఏడికి పోతం? చెప్పు బిడ్డా, నీ టైం దీస్కో."

మాటలు ఆగాయి. రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అంతమంది ఆమె నోటి వైపు చూస్తూ నిలబడ్డారు, ఎవరూ ఏమీ అందించకుండా. ఉమారాణికి ఇలాంటిది జీవితంలో ఎప్పుడూ జరగలేదు. మొదట భయమేసింది. తర్వాత, వీళ్లు నిజంగానే ఆగుతున్నారని అర్థమైంది.

చెప్పింది. చాలాసేపు పట్టింది. అటు షెడ్డులో పాట ఉందని, గునుగు వాళ్లు వచ్చారని, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయని, ఎవరూ లేకపోతే వాళ్లు ఇక పాడడమే మానేస్తారని చెప్పింది. 'పాట' దగ్గర గొంతు బిగుసుకుంది. 'కుర్చీలు' దగ్గర కళ్లు మూసుకోవాల్సి వచ్చింది. సీట్లు అంటే తేలిగ్గా అయిపోయేది. అనలేదు. మొదలుపెట్టిన మాట ఏదీ మార్చలేదు, ఏదీ మధ్యలో వదల్లేదు.

"టికెట్ ఉంటదేమో గద" అంది టిఫిన్ డబ్బా పట్టుకున్నామె, సందేహంగా.

ఆ సంగతి ఉమారాణి ఆలోచించనేలేదు. "నే... నేను మాట్లాడుత" అంది. అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. అది చూసి ఎదుటామె కూడా నవ్వేసింది.

గండయ్య లేచి, లారీ మీది టార్పాలిన్ ఒకటి లాగాడు. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. దాని కింద గుంపులు గుంపులుగా రోడ్డు దాటారు. కొందరు రాలేదు, తడవడం ఇష్టం లేక. వచ్చినవాళ్లే నలభై యాభై మంది దాకా ఉంటారు.

గుమ్మంలో గిరిప్రసాద్ ఫోను చెవి దగ్గర పెట్టుకొని అలాగే ఉండిపోయాడు.

"వీళ్లు ప... పాట వినెతందుకు వచ్చిన్రు సార్" అంది ఉమారాణి. "టికెట్లు..."

ఆయన ఆమె వెనక ఉన్న తడిసిన ముఖాలను చూశాడు, ఫోను జేబులో వేసుకున్నాడు. "టికెట్ల సంగతి తర్వాత. ముందు లోపలికి రండమ్మా, జలుబు చేస్తుంది" అని రెండో తలుపు కూడా బార్లా తెరిచాడు.

స్వర్ణలత వేదిక ఎక్కింది. ఎక్కి, మైకులో ఒక వరస పాడి చూసి ఆపేసింది. రేకుల మీద వాన ముందు మైకు ఏమాత్రం ఆనలేదు. ఆమె మైకు పక్కన పెట్టి కిందికి దిగింది.

"కుర్సీలు దగ్గరికి గుంజుకోన్రి. గుండ్రంగ కూసుందం" అంది.

కుర్చీల రొద, నవ్వులు, తడి బట్టల వాసన, టిఫిన్ డబ్బాల చప్పుడు. గునుగు వాళ్లు నలుగురూ మధ్యలో, జనం చుట్టూ. తేజేష్ డప్పు మీద మొదటి దెబ్బ వేసేసరికి ఉమారాణి ఒళ్లు ఝల్లుమంది. ఫోన్లో ఆ దెబ్బ చెవికి మాత్రమే తగిలేది. ఇక్కడ అది కుర్చీకి తగిలింది, నేలకు తగిలింది, పక్కామె గాజులకు తగిలింది. మొదటి పాట నాట్లేసే పాట, పరుగు మీద సాగేది. రెండో చరణానికే ఫ్యాక్టరీ ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. హాస్టల్ పిల్లలు లేచి గంతులేశారు. త్రిపురసుందరి మొదట ఒళ్లో చేతులు పెట్టుకొని మర్యాదగా కూర్చుంది. కాసేపటికి ఆవిడ పాదం ఆవిడను అడక్కుండానే తాళం వేస్తోంది.

నాలుగు పాటలయ్యేసరికి వాన సన్నబడింది. బండ్ల వాళ్లు కొందరు లేచి, వంగి వంగి బయటికి నడిచారు. స్వర్ణలత కళ్లు తలుపు వైపు వెళ్లాయి. ఉమారాణి కూడా అటే చూసింది. కానీ మిగతావాళ్లు కదల్లేదు. లేచినవాళ్ల కుర్చీల్లోకి వెనక వరసలవాళ్లు వచ్చి కూర్చున్నారు.

అప్పుడు మొదలుపెట్టింది స్వర్ణలత, చెలిమె పాట.

"ఇసుకల సెయ్యివెట్టి తీస్తే సెలిమె దొరికిందే,
ఊరేదాక కూసో సెల్లె, తొందరేమున్నదే..."

ఆగింది. డప్పు ఆగింది. పిల్లనగ్రోవి ఆగింది. ఉమారాణి చుట్టూ చూసింది. ఇంతమంది కొత్తవాళ్లు, పాట తెలియనివాళ్లు. అయిపోయిందనుకొని చప్పట్లు కొడతారేమో, మాటల్లో పడతారేమో అనుకుంది. ఎవరూ కొట్టలేదు. ఎవరూ మాట్లాడలేదు. రేకుల అంచు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. గండయ్య ముందుకు వంగి, నేల మీద ఏదో ఊరుతున్నట్టే చూస్తున్నాడు.

"తేటనీళ్లు పైకి రానీ, ముంత ముంచుదమే,
కలవెట్టకు సెల్లె నువ్వు, బురద లేస్తదే..."

మళ్లీ ఆగింది. ఈసారి ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం అందరికీ వచ్చేసినట్టుంది. మూడో వరసకు ఆడవాళ్లు గొంతు కలిపారు, పాట నెమ్మది కాబట్టి కలపడం తేలిక. ఉమారాణి కూడా పాడింది. పాడేటప్పుడు ఆమెకు మాట ఆగదు, అది ఆమెకు ముందే తెలుసు. ఇంట్లో మిషను చప్పుడు కింద దాచుకొని పాడేది. ఇక్కడ దాచుకోవడానికి ఏమీ లేదు, దాచుకోవాలనీ అనిపించలేదు.

అంతా అయ్యాక జనం చెప్పులు వెతుక్కుంటుంటే, స్వర్ణలత ఉమారాణిని వెతుక్కుంటూ వచ్చింది.

"వానల పోయి గీ మందినంత తోలుకొచ్చింది నువ్వేనట గద అక్కా."

ఉమారాణి తల ఊపింది. తర్వాత నోరు తెరిచింది. "మీ... మీరు ప... ప..."

త్రిపురసుందరి పక్కనే ఉంది. ఆవిడ పెదవులు విచ్చుకున్నాయి. అంతలోనే ఏమనుకుందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు చూసింది. స్వర్ణలత కదలకుండా నిలబడింది. ఆగడం ఆమెకు అలవాటే.

"పాడుడు ఆపకున్రి" అంది ఉమారాణి.

తడిసిన నేల మీద తేజేష్ డప్పుకు గుడ్డ చుడుతున్నాడు, స్వర్ణలత అటు చూసింది.

"అబద్ధం జెప్పను అక్కా. తేజేష్ నౌకరి నిజం. మస్తు అలిసిపోయినం, అది గూడ నిజం. గని పొద్దుగాల బస్సెక్కినప్పుడు ఉన్నట్టు ఇప్పుడు లేను." కాస్త ఆగి, "ఆదివారాలు ఉంటయి గద, సూద్దం" అంది. అని ఉమారాణి చెయ్యి పట్టుకొని నొక్కింది.

బయట గాలి చల్లగా ఉంది. స్టాపులో ఉమారాణి, త్రిపురసుందరి నిలబడ్డారు. ఆవిడ తడి గొడుగు దులిపి, మడిచి, మళ్లీ దులిపింది. చివరికి, "నేను నీకు అడ్డం పడుతూ ఉంటాను కదుటే" అంది, ప్రశ్నలా కాకుండా.

"ఎప్పుడన్న" అంది ఉమారాణి. "క... కాకరకాయ పులుసు నాకు పడది టీచరమ్మా."

త్రిపురసుందరి నోరు వెళ్లబెట్టి, తర్వాత పొట్ట పట్టుకొని నవ్వింది.

ఉప్పల్ బస్సు దూరంగా మలుపులో కనిపించింది. అదే సమయానికి ధర్మకాంటా దగ్గర నుంచి గండయ్య కేక వేశాడు.

"మళ్ల ఎప్పుడు బిడ్డా, పాట? మా ముసల్దాన్ని గూడ తీస్కొస్త."

ఎప్పుడో ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. ఉమారాణి బస్సు వైపు చూసింది, షెడ్డు వైపు చూసింది. లోపల ఇంకా దీపం వెలుగుతోంది.

"బస్సొచ్చేసిందే" అంది త్రిపురసుందరి.

"పోనియ్యున్రి, ఇంకోటొస్తది" అని, ఆమె నీళ్లలోనే గబగబా నడిచి షెడ్డులోకి వెళ్లింది. బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. లోపల గిరిప్రసాద్ గొంతు, స్వర్ణలత గొంతు, మధ్యలో కొంచెం మౌనం, మళ్లీ గిరిప్రసాద్ నవ్వు వినిపించాయి.

ఉమారాణి బయటికి వచ్చి రోడ్డు అంచున నిలబడింది. దాటడానికి లారీలు అడ్డం వస్తున్నాయి. అవతలికి వెళ్లేదాకా ఆగలేక, ఇవతల నుంచే గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. "వ... వచ్చే..."

అవతల గండయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు.